21 రోజుల సూత్రం నంద్యాల దాకా ఎలా వచ్చింది?

నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగ్ తీసుకున్నవాళ్లకు ఈ మాటలు కొత్తేమీ కాదు. తెల్లారి ఐదుకే లే. ఏ అలవాటైనా 21 రోజులు వదలకుండా చెయ్యి. రేపటి కోసం ఈ రోజు సుఖం వదులుకో. మోటివేషన్ స్పీకర్ చెప్పేవీ ఇవే, రూమ్ గోడకు అంటించుకునేవీ ఇవే. నోటిఫికేషన్‌లో పోస్టులు ఎన్నుంటే అంతమందికే ఉద్యోగాలు వస్తాయి, అందరూ ఐదుకే లేచినా ఆ లెక్క మారదు. ఆ సంగతి అటుంచి, ఈ సలహాలు ఎక్కడివో వెతికితే ఒక్కోటీ ఒక షరతుతో పుట్టిందని, మన దాకా వచ్చేసరికి ఆ షరతు ఊడిపోయిందని తెలుస్తుంది.

21 రోజుల మాట ఒక ప్లాస్టిక్ సర్జన్‌ది. పేరు మాక్స్‌వెల్ మాల్ట్జ్, అమెరికన్. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. తన పేషెంట్లను చూసి చెప్పిన మాట అది. చేతులు మారేకొద్దీ 'కనీసం' పోయింది, పేషెంట్లూ పోయారు, అంకె మిగిలింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో అలవాట్లనే నేరుగా పరిశీలించింది. ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా అంచనా వచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద తేడా ఏమీ రాలేదని కూడా తేలింది. 22వ రోజున అలారం ఆపేసి పడుకుని, తన మీద తనకే అసహ్యం తెచ్చుకునే కుర్రాడికి ఈ చివరి ముక్క ఎవరూ చెప్పరు.

ఓపిక పాఠం కథ ఇంకా పెద్దది. 1960ల చివర్లో వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు స్టాన్‌ఫర్డ్ క్యాంపస్‌లోని నర్సరీ బడిలో పిల్లల ముందు మిఠాయి పెట్టాడు. ఇప్పుడే తింటే ఒకటి, ఆగితే రెండు. ఆగినవాళ్లు పెద్దయ్యాక బాగా రాణించారని తర్వాత చెప్పారు. ఆ బడిలో చాలామంది యూనివర్సిటీ వాళ్ల పిల్లలే. 2018లో ఇంకో బృందం 900 మందికి పైగా పిల్లల వివరాలు తీసుకుని, కుటుంబ నేపథ్యాన్ని కూడా లెక్కలోకి తెస్తే, ఓపికకూ తర్వాతి చదువుకూ మధ్య కనిపించిన సంబంధం బాగా పలచబడింది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది అంతకుముందు సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలోని రోచెస్టర్‌లో చేసిన చిన్న ప్రయోగం. కొందరు పిల్లలకు మంచి రంగు పెన్సిళ్లు తెస్తానని వెళ్లిన పెద్దమనిషి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. ఆ పిల్లలు మిఠాయి ముందు సగటున మూడు నిమిషాలే ఆగారు. మాట నిలబెట్టుకున్న చోట పన్నెండు నిమిషాలు ఆగారు. పత్తికొండ మార్కెట్‌లో ధర పడిపోయి, కోత కూలీ, బండి బాడుగా కూడా రాక టమాటా రోడ్డు పక్కన పారబోసిన రైతుకు, నమ్మకం లేనిచోట ఓపిక నిలవదని ప్రయోగం చేసి చెప్పక్కర్లేదు. అనంతపురంలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర, అదీ సమయానికి పడదు. అక్కడ శనగకాయ విత్తేవాళ్లకు ఓపిక గురించి క్లాసు పీకడం నాకైతే కాస్త సిగ్గులేనితనంగానే తోస్తుంది.

ఇదంతా బయటివాళ్ల మీదికి నెట్టేయడానికీ లేదు. 'సాధనమున పనులు సమకూరు ధరలోన' అన్న వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలోనే ఉంది. అయితే డబ్బులు దండుకునే గురువులను తిట్టిందీ ఆయనే. ఆ పద్యాలు గోడల మీద కనిపించవు.

'నిన్ను నువ్వే బాగుచేసుకో' అనే ధోరణికి ఊపు తెచ్చిన బ్రిటిష్ రచయిత శామ్యూల్ స్మైల్స్ 1859 నాటి పుస్తకానికి మూలం కూడా ఒంటరి మనిషి కాదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో కొందరు కుర్రాళ్లు సాయంత్రాలు కలిసి చదువుకోవడం మొదలుపెట్టి, మంది పెరిగాక ఒకప్పుడు కలరా ఆసుపత్రిగా వాడిన గదిని అద్దెకు తీసుకున్నారు. వాళ్లు పిలిస్తే వెళ్లి మాట్లాడిన ప్రసంగాలే తర్వాత పుస్తకమయ్యాయి.

మన దగ్గర ఆ గదికి దగ్గరగా వచ్చింది ఓర్వకల్లు. 1990ల మధ్యలో కర్నూలు జిల్లాలోని ఆ మండలంలో ఆడవాళ్లు రోజుకో రూపాయి లెక్కన దాచుకోవడం మొదలుపెట్టారు. పొదుపు చెయ్యమని వాళ్లకు అంతకుముందు చెప్పనివాళ్లు లేరు. కొత్తగా వచ్చినవి సంఘం మీటింగు, లెక్కల పుస్తకం, దాచినదాన్ని చూసి అప్పిచ్చే బ్యాంకు. ఆ పద్ధతి రాష్ట్రమంతా పాకింది. దాని వెనకే చిన్న అప్పులిచ్చే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలూ వారంవారం వసూళ్లతో ఊళ్లలోకి దిగాయి. అప్పు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక, 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ వసూళ్లకు పగ్గం వేసింది.