గంజాయికి నెల, హెరాయిన్‌కి మూడు రోజులు

ఇంగ్లండ్, వేల్స్ జైళ్లన్నిటిలో 1996 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. నెలనెలా ఖైదీల్లో నూటికి ఐదుగురిని, చిన్న జైలైతే నూటికి పదిమందిని, లాటరీ తీసినట్టు ఎంచి మూత్రపరీక్ష చేస్తారు. మత్తుమందు తేలితే జైల్లో ఇంకొన్ని రోజులు అదనంగా ఉండాల్సి రావచ్చు.

వినడానికి బాగానే ఉంది కానీ, గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ కొవ్వులో కరిగే రకం. ఒంట్లోని కొవ్వులో చేరిపోయి, అక్కణ్నుంచి తీరిగ్గా, కొద్దికొద్దిగా బయటికొస్తుంది కాబట్టి రోజూ తాగినవాడు మానేసి మూడు నాలుగు వారాలైనా పట్టుబడొచ్చు. హెరాయిన్ కాసేపటికే మార్ఫిన్‌గా మారి, రెండు మూడు రోజుల్లో మూత్రంలో పోతుంది. ఇక ఖైదీ వేసుకునే లెక్క ఏమిటో మీరే చూడండి! తక్కువ ప్రమాదమున్నదానికి నెలంతా టెన్షన్, ప్రాణం తీసేదానికి మూడు రోజులు. నిజంగా ఎంతమంది హెరాయిన్ వైపు మళ్లారన్న దాని మీద పరిశోధకుల్లో వాదన ఉంది గానీ, నన్నడిగితే అలాంటి ఆశ చూపించడమే తప్పు.

అన్నట్టు, మనం మటన్ కూరలో నూరి వేసే గసగసాలు కూడా నల్లమందు మొక్క గింజలే. వాటికి కాస్త మార్ఫిన్ అంటుకుని ఉంటుంది, ఎక్కువ తింటే పరీక్షలో తేలొచ్చు. అందుకే అమెరికా ప్రభుత్వం ఉద్యోగుల పరీక్షల్లో, మార్ఫిన్ ఎంత ఉంటే దొరికినట్టో ఆ హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2,000కి పెంచింది.

తర్వాత స్పైస్ వచ్చింది. ల్యాబుల్లో తయారయ్యే ఈ నకిలీ గంజాయి అసలుదానికంటే చాలా ఘాటు, కానీ దాని అణువు ఆకారం వేరు కావడంతో గంజాయి కోసం పెట్టిన పరీక్షకు అది చిక్కలేదు. 2016లో దాన్నీ పరీక్షలో చేర్చారు. తయారీదార్లు అణువులో ఒక మూల కొంచెం మార్చేవాళ్లు, మళ్లీ కొత్త పరీక్ష కావాల్సి వచ్చేది, చట్టంలోని జాబితాలో కొత్త పేరు రాయాల్సి వచ్చేది. ఒక్కో పేరూ రాసే ఈ బాధ తప్పించడానికి 2021లో చట్టాన్నే మార్చారు.

పైగా స్పైస్‌ని కాగితం మీద చల్లి ఆరబెడితే మామూలు ఉత్తరంలాగే ఉంటుంది. దాంతో చాలా జైళ్లలో ఖైదీ చేతికి ఫొటోకాపీయే ఇస్తున్నారు, పిల్లలు రంగులేసి పంపిన బొమ్మైనా సరే.