కారు మడ్ గార్డులు ఉంచాలా, తీసేయాలా? అపోహలు - వాస్తవాలు

మా షెడ్డు అమలాపురం దగ్గర. డెంటింగ్, పెయింటింగ్ పని. చక్రం వెనక వేలాడే ఆ నల్ల రేకుల గురించి నేను వినని సిద్ధాంతం లేదు.

అపోహ: మడ్ గార్డు వల్లే తుప్పు పడుతుంది, తీసేస్తే గొడవ వదులుతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఈ మాట ఇంతకాలం బతికింది. తుప్పు పట్టించేది గార్డు కాదు, దాన్ని బిగించడానికి ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) అంచుకు వేసిన రంధ్రమూ, వెనక పేరుకున్న మట్టీ. మొన్న అంతర్వేది వైపు నుంచి వచ్చిన ఒక తెల్ల కారుకు ముందు ఎడమ గార్డు విప్పితే పిడకంత ముద్ద ఊడిపడింది. అందులో గడ్డి పరకలు, ఒక నత్తగుల్ల. పైన పెచ్చు కట్టినా విరిచి చూస్తే లోపల ఇంకా తడే. స్క్రూ చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గీకితే ఫెండర్ అంచు పొడిపొడిగా రాలింది. మన ఒండ్రు బంకమట్టి నీళ్లు పట్టిందంటే ఒక పట్టాన వదలదు. పైగా రొయ్యల లారీల నుంచి రోడ్డంతా కారే నీళ్లు. ఉప్పు కలిసిన తడి ఇనుమును ఇంకా త్వరగా తింటుంది.

మరి తీసేస్తే? ముందు టైరు చిమ్మే మట్టీ, కంకరా నేరుగా తలుపుల కింద ఉండే గడపకు తగులుతాయి. అక్కడ రంగు చిట్లి తుప్పు మొదలైతే ఖర్చు వేరు. ముందు ఫెండర్‌ను బోల్టులు విప్పి మార్చుకోవచ్చు. గడప బాడీలో భాగం, కోసి వెల్డింగ్ చేయాల్సిందే. అందుకే ముందు గార్డులు తీయమని నేను ఎవరికీ చెప్పను. ఏడాదికి రెండుసార్లు విప్పి, వెనక కడిగి, ఆరనిచ్చి బిగించమంటాను.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ వేస్తే తుప్పు రాదు.

వాస్తవం: స్క్రూకు అంత తేలిగ్గా రాదు. రంగు పోయిన రంధ్రం అంచుకు వస్తుంది. కంపెనీ ఇచ్చిన రంధ్రాలు, క్లిప్పులు ఉంటే వాటినే వాడండి. కొత్తగా రంధ్రం వేయక తప్పకపోతే ప్రైమర్, రంగు పూసి ఆరాకే బిగించండి.

అపోహ: వానాకాలం దాటితే అవసరం లేదు.

వాస్తవం: ఈ మాట మెట్ట ప్రాంతాల వారు అంటే సరే. మనకు వానాకాలం వరి సార్వా దమ్ములతో పాటు (నాట్లకు ముందు చేలో నీళ్లు పెట్టి దున్నడం) రెండో పంట దాళ్వా దమ్ములూ ఉన్నాయి. సంక్రాంతి ముందు చుక్క వాన లేకపోయినా, చేలోంచి రోడ్డెక్కిన ట్రాక్టర్ రాల్చిన బురద కాలువ గట్టు పొడవునా ఉంటుంది.

అపోహ: తీసేస్తే మైలేజీ పెరుగుతుంది.

వాస్తవం: గాలి నిరోధం వేగంతో పాటు పెరుగుతుంది. ముక్తేశ్వరం రోడ్డులో నలభై దాటని బండికి ఆ తేడా తెలియదు. దానికన్నా మొదట నాలుగు టైర్లలో గాలి చూసుకోండి.

అపోహ: ఎంత పొడవుంటే అంత మంచిది.

వాస్తవం: నేల రాసే రబ్బరు రేకు గట్టు మీద వెనక్కి తీసేటప్పుడు టైరు కింద పడి నలిగి, లోపలి ప్లాస్టిక్ తొడుగునూ పీక్కొస్తుంది. అయిదుగురిని కూర్చోబెట్టి ఎత్తు చూడండి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరుకు తగలడం లేదని చూసుకోండి.

వెనక గార్డుల వల్ల మన కారుకు దక్కేది తక్కువే, బంపర్ కాస్త శుభ్రంగా ఉంటుంది. వాటి అవసరం ఎవరికని అడిగిన ఒకాయనను, వాన వెలిసిన రోజున ఆయన కారు వెనకే మోటార్ సైకిల్ మీద రమ్మన్నాను. పెళ్లికి వెళ్లే తెల్ల చొక్కాతో వచ్చారు, పాపం.