గులాబీకీ గేదెకీ ఒకటే లెక్క

చిట్టితల్లికీ, తమ్ముడికీ తాతయ్య దీవెనలు.

సంక్రాంతికి కొన్న గులాబీ అప్పుడు ముదురు రంగులో అరచేయంత పూసిందనీ, ఇప్పుడు ఏప్రిల్‌లో వెలిసిపోయిన చిన్న పూలు పూస్తోందనీ రాశావు. నర్సరీ అతను వేరే మొక్క అంటగట్టాడని మీ అనుమానం. పాపం, అతన్ని అప్పుడే తిట్టకండి.

నా చిన్నప్పుడు సాయంత్రం ఊరి మంద తిరిగొచ్చేది. ఒకరోజు మా గేదెను తోలుకు రమ్మని నాయనమ్మ నన్ను పంపింది. మాది నల్లటి గేదె కదా అని నిగనిగలాడేదాన్ని ఒకదాన్ని తోలుకొచ్చి కట్టేశాను. నాయనమ్మ తప్పేలా పట్టుకుని కూర్చోగానే ఒక్క తాపు తన్నింది. మాదేమో చెరువులో పొర్లి, బురద ఆరి, బూడిదరంగుకు తిరిగి వీధి మొగలో అరుస్తోంది! "రంగేం చూస్తావురా? కొమ్ము చూడు, నడక చూడు" అంది నాయనమ్మ. మనుషుల్ని కూడా అలాగే చూడాలనుకో, అది వేరే సంగతి.

గులాబీకి వాతావరణమే చెరువు బురద. చలికాలంలో మొగ్గ నిదానంగా విచ్చుకుంటుంది, ఆంథోసయనిన్ అనే ఎరుపు బాగా పడుతుంది. ఎండలు ముదిరితే హడావిడిగా విచ్చుకుంటుంది, ఆ రంగు పలచబడుతుంది. అన్నీ ఇలాగే ఉంటాయనుకునేరు! డబుల్ డిలైట్ అని 1977లో వచ్చిన రకం ఒకటుంది. మీగడ రంగులో విచ్చుకుని, ఎండ తగిలే కొద్దీ అంచుల నుంచి ఎర్రబడుతుంది. అద్దాల గదిలో పెడితే మీగడగానే ఉండిపోతుంది.

మరి కొమ్ములేవీ అంటావా? ముళ్లు వంకీ తిరిగాయా, నిటారుగా ఉన్నాయా? ఒక్కో కాడకు ఆకులు ఐదా, ఏడా? కొత్త చిగురు ఎర్రనా, పచ్చనా? మొగ్గ సన్నగా ఉందా, బొద్దుగా ఉందా? పొద్దున్నే వాసన చూడు. ఇవన్నీ పాతవే అయితే మొక్కా పాతదే. ముళ్లూ ఆకులూ కూడా మారిపోతే అంటు కట్టిన చోటు వెతుకు. దానికి కిందనుంచి లేచిన కొమ్మ మీ గులాబీది కాదు, దాన్ని మోస్తున్న నాటు మొక్కది. అది పక్కింటి గేదె! మొదలంటా తీసెయ్.

ఇంకొకటి. మొగ్గను పట్టుకుని ఐదు ఆకుపచ్చ రేకులుంటాయి, పంచపాండవుల్లాగా. చాలా గులాబీల్లో ఇద్దరికి రెండు అంచులకూ కుచ్చుల్లాంటి గడ్డం, ఇద్దరికి అసలు లేదు, ఒకరికి ఒక్క వైపే! యాభై ఏళ్లు గులాబీలు కోశాక గానీ నా కంట పడలేదు. విచ్చుకోని మొగ్గ మీద ఏ అంచు ఏ అంచు కింద దాక్కుందో చూడు, గడ్డం ఎక్కడ మొలవలేదో నీకే తెలుస్తుంది. తమ్ముడికి ముళ్లు గుచ్చుకోకుండా చూసుకో.

మీ
తాతయ్య