ఎండ తగిలితేనే విషం

మే నెలలో హన్మకొండ చౌరస్తాలో నిమ్మసోడా కలిపేవాళ్ల చేతుల మీద నిమ్మరసం కారుతూనే ఉంటుంది. కడుక్కోకుండా అలాగే ఎండలో నిలబడితే అప్పటికప్పుడు ఏమీ కాదు. మంట లేదు, దురద లేదు. మర్నాడో ఎల్లుండో చర్మం ఎర్రబడుతుంది, బొబ్బలు కూడా లేవొచ్చు. ఆ తర్వాత రసం ఎటు కారిందో అటే గోధుమరంగు చారలు మిగులుతాయి, ఒక్కోసారి నెలల తరబడి పోవు. ఇది ఎలర్జీ కాదు, ఎవరికైనా రావొచ్చు. అదే నిమ్మకాయను రాత్రి వంటింట్లో పిండి చేతులు కడిగేసుకుంటే ఏ గొడవా ఉండదు.

కారణం ఫ్యూరానోకౌమరిన్లు అనే రసాయనాలు. నిమ్మలో ఇవి గుజ్జులో కన్నా తొక్కలోనే ఎక్కువ. నీడలో ఉన్నంతసేపూ ఊరికే పడుంటాయి. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు, ముఖ్యంగా 320 నుంచి 400 నానోమీటర్ల మధ్యవి పడ్డాయంటే, ఆ శక్తిని పీల్చుకుని చర్మకణాల్లోని డీఎన్ఏ రెండు పోగులకూ అతుక్కుంటాయి. అడ్డంగా కుట్టేసిన జిప్పులా డీఎన్ఏ ఇక విడదు. అది విడకపోతే కణం రెండుగా చీలలేదు. మొక్కకు ఇది మంచి బేరం: సరుకు తనది, దాన్ని పేల్చే శక్తి సూర్యుడిది.

ఆయుర్వేద దుకాణాల్లో దొరికే బావంచాలు అనే గింజల్లో ఉండే సొరాలెన్ కూడా ఈ రసాయనాల కుటుంబమే. బొల్లి మచ్చలకు బావంచాలు వాడి ఎండ చూపించడం మన దగ్గర పాత వైద్యం. 1940ల్లో ఈజిప్టు డాక్టర్ అబ్దెల్ మోనెం ఎల్ మోఫ్టీ అక్కడి వేరే మొక్క నుంచి తీసిన సొరాలెన్లతో బొల్లికి చికిత్స చేశారు. 1974లో అమెరికా వైద్యులు సొరాలెన్ మాత్ర, అల్ట్రావయొలెట్ దీపం కలిపి సోరియాసిస్‌కు వాడారు. అంతా మోతాదులోనే ఉంది. యూట్యూబ్ చూసి బావంచాల నూనె పూసుకుని మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కేవాళ్ల గురించి వింటే నాకు టెన్షనే.

పురుగులకూ ఈ విషంతో వేగక తప్పదు. ఆకును చుట్టగా చుట్టుకుని లోపల కూర్చుని తినే పురుగులకు వెలుతురే తగలదు. నిమ్మ, కరివేప చెట్ల మీద మొదట పక్షిరెట్టలా, పెరిగాక పచ్చగా కనిపించే సీతాకోకచిలుక గొంగళి మాత్రం పట్టపగలే మేస్తుంది. దాని దగ్గరి జాతుల్లో కడుపులోని ఎంజైములు ఫ్యూరానోకౌమరిన్లను ముందే విరిచేస్తాయని తేలింది.

బతుకమ్మలో పేర్చే బంతిపూలది వేరే పద్ధతి. 1947లో జెక్‌మైస్టర్, సీజ్ అనే రసాయన శాస్త్రవేత్తలు బంతి నుంచి అల్ట్రావయొలెట్ కింద నీలంగా మెరిసే పదార్థాన్ని వేరుచేశారు. పేరు ఆల్ఫా టెర్థైనైల్. ఇది వెలుతురులో పక్కనున్న ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది. ఆ ఆక్సిజన్ కణాల పొరలను తగలబెడుతుంది. దోమ పిల్లలు కూడా దీనికి చస్తాయి. అయితే ఇదే రసాయనం బంతి వేళ్లలో దండిగా ఉంటుంది. 1958లో డచ్ శాస్త్రవేత్తలు అది నులిపురుగులను, అంటే మట్టిలో ఉండి పంట వేళ్లను పాడుచేసే సన్నటి పురుగులను, చంపుతుందని చూపించారు. మట్టిలో ఎండ ఎక్కడిది? ఈ తికమక చాలాకాలం నడిచింది. చీకట్లో కూడా ఇది నులిపురుగు చర్మంలోంచి దూరి లోపల ఆక్సీకరణ ఒత్తిడి (కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ పోగవడం) పుట్టిస్తుందని 2019లో జపాన్ పరిశోధకులు ప్రకటించారు. కాబట్టి టమాట చేలో బంతి వేయమనే సలహా వట్టి మాట కాదు. కాకపోతే గట్టు మీద నాలుగు మొక్కలు పెడితే సరిపోదు, ఒక పంటగా ఒత్తుగా వేస్తేనే ఫలితం.

ఏటూరునాగారం, తాడ్వాయి వైపు అడవి అంచుల్లో అల్లుకుపోయిన లాంటానా అనే కలుపు పొద కథ ఇంకా మెలికది. మేత దొరక్క పశువు దాన్ని తింటే లివర్ దెబ్బతింటుంది. పచ్చగడ్డిలోని పత్రహరితం కడుపులో అరిగేటప్పుడు పుట్టే ఒక పదార్థాన్ని మామూలుగా లివరే బయటికి పంపాలి. అది చేతకాక ఆ పదార్థం రక్తంలో చేరి చర్మానికొస్తుంది. ఎండ తగలగానే మూతి, చెవులు, తెల్లమచ్చలున్న చోట్లు కాలి పొట్టు లేస్తాయి. అంటే ఎండకు మండేది లాంటానా విషం కాదు, రోజూ తినే గడ్డి. పుండ్లకు మందు పూసి ఊరుకుంటే లాభం లేదు. పశువును నీడకు కట్టేసి, డాక్టరును పిలిచి లివర్‌కు వైద్యం చేయించాలి.