రేడియేషన్ తగిలితే పాలిమర్ ఫిల్మ్ ఎందుకు పసుపెక్కుతుంది?

ఒకే పాలిమర్‌కి (ప్లాస్టిక్ లాంటి, పొడవాటి అణు గొలుసుల పదార్థానికి) ఒకే రేడియేషన్ డోసు ఇచ్చినా ఒకరి ఫిల్మ్ బాగా పసుపెక్కుతుంది, ఇంకొకరిది అంతగా మారదు. ఈ చిక్కు ఇప్పటిది కాదు.

తొలినాళ్ల ఆసక్తి రంగు మీద కాదు, గట్టిదనం మీద. ఇంగ్లండ్‌లోని హార్వెల్ రియాక్టర్‌లో ఉంచిన పాలిథిన్ గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయని, ఆ తర్వాత అది వేడికి కరిగి పారదని 1952లో ఆర్థర్ ఛార్లెస్‌బీ చూపాడు. వైద్య పరికరాలను రేడియేషన్‌తో స్టెరిలైజ్ చేయడం మొదలయ్యాక రంగు సమస్యగా మారింది. అక్కడ వాడుకలో స్థిరపడ్డ డోసు 25 కిలోగ్రే (కిలో పదార్థం ఒక జౌల్ రేడియేషన్ శక్తిని పీల్చుకుంటే ఒక గ్రే). బ్యాక్టీరియాతో పాటు ప్లాస్టిక్ తెల్లదనమూ పోయేది.

పీవీసీలో జరిగేది చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. బంధాలు తెగి హైడ్రోజన్ క్లోరైడ్ బయటికి పోతుంది, గొలుసులో జంట బంధాలు వరసగా ఏర్పడతాయి. వరస పొడవయ్యే కొద్దీ శోషణ అతినీలలోహితం నుంచి నీలి కాంతి వైపు జరుగుతుంది. నీలం ఆగిపోతే కంటికి చేరేది పసుపే. పాలికార్బొనేట్ తీరు వేరు. అందులో చిక్కుకున్న స్వేచ్ఛా ర్యాడికల్సే (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణు ముక్కలే) కొంత రంగునిస్తాయి. ఆక్సిజన్ పైనుంచి లోపలికి చేరే కొద్దీ రోజుల తరబడి ఆ రంగు వెలిసిపోతుంది. కొలిచింది ఆ రోజా, వారం తర్వాతా అన్నది రాయకపోతే ఆ అంకెకి పెద్ద విలువ లేదు.

ఈ లోపాన్నే కొందరు కొలబద్దగా మార్చుకున్నారు. ఎర్ర పెర్‌స్పెక్స్ (ఒక యాక్రిలిక్ ప్లాస్టిక్) పలక రంగు ముదిరిన తీరును 640 నానోమీటర్ల దగ్గర కొలిచి 5 నుంచి 50 కిలోగ్రే దాకా డోసు చెబుతారు. తేమ తగలకుండా దాన్ని సీలు చేసిన పొట్లంలోనే ఉంచుతారు. రేడియోథెరపీలో వాడే రేడియోక్రోమిక్ ఫిల్మ్‌లో డైఅసిటిలీన్ అనే పదార్థం అక్కడికక్కడే పాలిమర్‌గా మారి నీలమవుతుంది. కెమెరా ఫిల్మ్‌లా డెవలప్ చేయాల్సిన పని లేదు.

ఆప్టికల్ గ్యాప్ (పదార్థం కాంతిని గట్టిగా పీల్చడం మొదలుపెట్టే శక్తి) లెక్క మాత్రం వేరే ఇంటి నుంచి వచ్చింది. 1966లో టౌక్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు స్ఫటిక రూపం లేని జర్మేనియం కోసం వేసిన గ్రాఫ్ అది. దాన్నే పాలిమర్ ఫిల్మ్‌లకూ వాడుతున్నారు. సరళరేఖ ఎక్కడ మొదలైందో స్కేలు పట్టుకున్న మనిషే నిర్ణయిస్తాడు కాబట్టి, రెండో దశాంశ స్థానం దాకా ఇచ్చిన గ్యాప్‌లను నేను అంతగా నమ్మను. గ్యాప్ నుంచి ఫిల్మ్‌లో ఏర్పడిన కార్బన్ గుంపుల్లో ఎన్ని పరమాణువులున్నాయో లెక్కగట్టడం ఇంకో అడుగు ముందుకి. ఆ సూత్రం కార్బన్ ఫిల్మ్‌ల నుంచి వచ్చింది, కొద్దిపాటి డోసు తగిలిన ప్లాస్టిక్ నుంచి కాదు.

వీటన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది డోసు ఇచ్చిన వేగం. కోబాల్ట్ గామా మూలం దగ్గర 25 కిలోగ్రే చేరడానికి గంటలు పడుతుంది, ఆలోగా గాలిలోని ఆక్సిజన్ పలుచటి ఫిల్మ్ లోపలి దాకా వెళ్లి ర్యాడికల్స్‌తో కలుస్తుంది. ఎలక్ట్రాన్ బీమ్ అదే డోసును క్షణాల్లో ముగిస్తుంది, ఆక్సిజన్‌కు లోపలికి చేరే వ్యవధే ఉండదు.