బూట్‌లోడర్ ఫైలు రాయగలిగితే చాలా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలలో ఉష్ణోగ్రతను, తేమను నమోదు చేసే చిన్న లినక్స్ బోర్డులకు ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) తయారు చేయడం మా పని. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఈ బోర్డులు ఆగి మళ్ళీ మొదలవుతాయి, ఒక్కోసారి మొదలవుతూ ఉండగానే మళ్ళీ ఆగిపోతాయి. ఏ సెట్టింగుతో బూట్ అయ్యామో, అప్‌డేట్ తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించామో గుర్తుంచుకోవడానికి, లినక్స్ కన్నా ముందు నడిచి దాన్ని లేపే చిన్న ప్రోగ్రామైన బూట్‌లోడరే, డిస్కులో ఫైళ్ళను అమర్చి ఉంచే ఫైల్ సిస్టమ్‌లోకి రాస్తే బాగుంటుందన్న ఆలోచన దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ వస్తుంది. ఆలోచన సబబే కాని, దాని వెంట వచ్చే నమ్మకాలలో చాలావాటిని సరిచూసుకోవాలి.

అపోహ: చదవడం వచ్చిన బూట్‌లోడర్‌కు రాయడం నేర్పడమంటే ఇంకొక ఫంక్షన్ చేర్చడమే.

వాస్తవం: చదివేటప్పుడు తప్పు జరిగితే బూట్ ఆగుతుంది, అంతే. రాసేటప్పుడు తప్పు జరిగితే అంతవరకు బాగున్న ఫైళ్ళు కూడా పోతాయి. బాగా సరళమైన ఫైల్ సిస్టమ్ అయిన ఫ్యాట్‌నే తీసుకుంటే, ఒక ఫైలు రాయడానికి డేటా క్లస్టర్లు (డిస్కును విభజించిన సమానమైన ముక్కలు) నింపాలి, క్లస్టర్ల గొలుసును సాధారణంగా ఉండే రెండు ఫ్యాట్ పట్టికలలోనూ నమోదు చేయాలి, ఆ తర్వాత 32 బైట్ల డైరెక్టరీ ఎంట్రీలో మొదటి క్లస్టర్ సంఖ్యను, ఫైలు పరిమాణాన్ని వేయాలి. గొలుసు రాసిన తర్వాత, ఎంట్రీ వేయకముందు కరెంటు పోతే కొంత జాగా వృథా అవుతుంది, అది భరించగలిగిన నష్టమే. వరుస తిరగబడి ఎంట్రీ ముందు పడితే మాత్రం, ఆ ఫైలు ఖాళీగా గుర్తు పెట్టి ఉన్న క్లస్టర్‌ను చూపుతూ ఉంటుంది, తర్వాత అదే క్లస్టర్‌ను లినక్స్ ఇంకొక ఫైలుకు ఇచ్చేస్తుంది. కాబట్టి రాత సదుపాయం చేర్చేటప్పుడు అసలు తేల్చుకోవలసింది ఏ అడుగు దగ్గర కరెంటు పోతే ఏం మిగులుతుందన్నదే, కోడ్ ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి మాట.

అపోహ: లినక్స్‌లో వాడే ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4కు జర్నల్ ఉంది కాబట్టి బూట్‌లోడర్ రాసినా భద్రమే.

వాస్తవం: మిర్చి యార్డు కమీషన్ కొట్టులో ముందు చిట్టాలో రాసి తర్వాత ఆవర్జాలోకి ఎక్కించినట్టే, ఈఎక్స్‌టీ4 కూడా మెటాడేటా (ఏ ఫైలు ఎక్కడ ఉందన్న లెక్కలు) మార్పులను ముందు జర్నల్‌లో రాసి, తర్వాత వాటి అసలు చోట్లలోకి ఎక్కిస్తుంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు చిట్టాలో ఉండి ఆవర్జాకు ఎక్కని పద్దులు మిగిలిపోతాయి. బాగా వాడుకలో ఉన్న బూట్‌లోడర్లు గ్రబ్ గాని, యూ-బూట్ గాని ఫైలు చదివేటప్పుడు ఆ జర్నల్‌ను తిరగదోడవు, అసలు చోట్లలో ఏది కనిపిస్తే అదే నిజమనుకుంటాయి. అందువల్ల లినక్స్ సరిగానే రాసి వెళ్ళిన కొత్త కెర్నల్ (లినక్స్ మూల భాగం) ఫైలు బూట్‌లోడర్‌కు కనిపించకపోవచ్చు. ఇదే స్థితిలో రాయబోతే ఇంకా ప్రమాదం: ఏ బ్లాకు ఖాళీయో చెప్పే పాత బిట్‌మ్యాప్‌ను నమ్మి బూట్‌లోడర్ ఖాళీ అనుకున్న బ్లాకు జర్నల్ లెక్క ప్రకారం అప్పటికే మరొకరిది కావచ్చు, కాసేపటికి లినక్స్ లేచి జర్నల్‌ను అమలు చేస్తే బూట్‌లోడర్ చేసిన మార్పు తుడిచిపెట్టుకుపోవచ్చు. ఈ కారణంగానే యూ-బూట్ రాసే ముందు మాత్రం జర్నల్‌ను అమలు చేయడానికి ప్రయత్నిస్తుంది.

ఫీచర్ల తేడా మరొక చిక్కు. ఈఎక్స్‌టీ4 విభజనలను (డిస్కులో వేరుచేసిన భాగాలను) తయారు చేసే ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ సాధనాలలో, 2016లో వచ్చిన 1.43 వెర్షన్ నుంచి కొత్త విభజనలకు మెటాడేటా చెక్‌సమ్ (డేటా చెడిందేమో సరిచూసే సంఖ్య) అప్రమేయంగా వస్తోంది. ఆ చెక్‌సమ్‌ను లెక్కగట్టడం రాని యూ-బూట్ వెర్షన్, ఆ ఫీచర్ పేరు చెప్పి, రాయడం లేదని సందేశమిచ్చి ఆగిపోతుంది. చాలామంది దీన్ని లోపమనుకుని చిరాకుపడతారు గాని, నా దృష్టిలో అది ఆ కోడ్‌లోని మంచి గుణాలలో ఒకటి. అర్థంకాని ఫైల్ సిస్టమ్‌లో చదవడానికి ధైర్యం చేయవచ్చు, రాయడానికి చేయకూడదు.

అపోహ: ఒక చిన్న సంఖ్యను గుర్తుంచుకోవాలన్నా పూర్తి స్థాయి ఫైల్ సిస్టమ్ రాత తప్పదు.

వాస్తవం: గ్రబ్ చేసే పని చూడండి. సెట్టింగులు దాచడానికి ముందే సృష్టించిన 1024 బైట్ల ఎన్విరాన్‌మెంట్ ఫైలు డిస్కులో ఎక్కడ ఉందో కనుక్కొని, దాని బ్లాకులోని విషయాన్ని మాత్రమే ఉన్నచోటే మారుస్తుంది. ఫైలు పెరగదు, తరగదు, కొత్త బ్లాకు అడగదు, కనుక మెటాడేటాను ముట్టుకునే అవసరమే రాదు. యూ-బూట్‌లో ఇంకా గట్టి దారి ఉంది: ఎన్విరాన్‌మెంట్‌ను ఫైల్ సిస్టమ్ బయట, రెండు ప్రతులుగా, ఒక్కొక్కదానికి సీఆర్‌సీ32 అనే చెక్‌సమ్‌తో దాచుకోవచ్చు. ఒక ప్రతి రాస్తుండగా కరెంటు పోతే రెండోది చెక్కుచెదరకుండా ఉంటుంది, లినక్స్ వైపు నుంచి కూడా ఎఫ్‌డబ్ల్యూ_సెట్‌ఎన్వ్ అనే కమాండుతో అవే ప్రతులను మార్చవచ్చు. మా బోర్డులకు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. ఫైలే కావాలని పట్టుబడితే, లినక్స్ మామూలుగా మౌంట్ చేయని (వాడకానికి తెరవని) ఒక చిన్న ప్రత్యేక విభజన ఇవ్వండి. మైక్రోకంట్రోలర్ స్థాయిలోనైతే కరెంటు పోవడాన్ని మొదటి నుంచీ లెక్కలోకి తీసుకుని రూపొందించిన లిటిల్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉంది.

అపోహ: బూట్ లెక్క (ఎన్నిసార్లు బూట్ అయిందన్న సంఖ్య) ఒక్క బైటే, ఫ్లాష్ అరిగేదేముంది?

వాస్తవం: నార్ ఫ్లాష్ అనే మెమరీ చిప్పులో బిట్టును 1 నుంచి 0కు మార్చడం సులువు, వెనక్కి తేవాలంటే మొత్తం సెక్టారును, సాధారణంగా కనీసం 4 కిలోబైట్లను, చెరిపివేయాలి. చాలా చిప్పులకు సెక్టారుకు లక్ష చెరుపుల దాకా హామీ ఉంటుంది. రోజుకు నాలుగైదు బూట్లకు అది తరతరాలకు సరిపోతుంది. కాని బిగుసుకుపోయిన బోర్డును రీసెట్ చేసే వాచ్‌డాగ్ చేతికి చిక్కి బోర్డు ప్రతి 10 సెకన్లకు రీబూట్ అవుతూ, ప్రతిసారీ లెక్క రాస్తుంటే రోజుకు 8,640 చెరుపులు పడి, 12 రోజులు తిరగకుండానే లక్ష దాటుతుంది. అప్‌డేట్ జరిగినప్పుడు మాత్రమే లెక్కను దాచే ఏర్పాటు యూ-బూట్‌లో ఉంది, దాన్ని వాడాలి. బ్యాటరీ ఉన్న ఆర్‌టీసీ (గడియారం చిప్పు) రిజిస్టరులో లెక్క పెట్టుకుంటే ఇంకా మేలు.

అపోహ: కెర్నల్‌కు డిజిటల్ సంతకం ఉంది కాబట్టి సెట్టింగుల ఫైలును ఎవరు రాసినా ఫర్వాలేదు.

వాస్తవం: 2020లో బయటపడిన బూట్‌హోల్ లోపం గ్రబ్ తన సెట్టింగుల ఫైలును చదివే తీరులోనే ఉంది, ఆ ఫైలుకు సాధారణంగా సంతకం ఉండదు. రాయగలిగిన ప్రతి ఫైలునూ బయటివారి ఇన్‌పుట్‌గానే చూడాలి.

అపోహ: రాస్తుండగా రీసెట్ బటన్ నొక్కి చూశాం, ఏమీ కాలేదు, కాబట్టి పరీక్ష అయిపోయింది.

వాస్తవం: చాలా బోర్డులలో రీసెట్ ప్రాసెసర్‌ను ఆపుతుంది గాని ఈఎంఎంసీకి (బోర్డు మీది నిల్వ చిప్పుకు) వెళ్ళే కరెంటును ఆపదు. ఆ చిప్పు లోపల మొదలైన రాత హాయిగా పూర్తవుతుంది, కాష్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉన్నదీ అలాగే ఉంటుంది. నిజమైన పరీక్షకు సరఫరా తీగకే రిలే పెట్టి, రాత మొదలైన తర్వాత ప్రతిసారీ వేరే క్షణంలో కోయాలి. ఒక్కో కోత తర్వాత విభజన ప్రతిని పీసీలోకి తీసి, మరమ్మతు చేయకుండా తనిఖీ మాత్రమే చేసే ఆప్షన్‌తో, ఫైల్ సిస్టమ్‌ను సరిచూసే ఎఫ్ఎస్‌సీకే ప్రోగ్రామును నడపాలి, అప్పుడే మరమ్మతు కింద ఏ తప్పూ దాగిపోకుండా కనిపిస్తుంది.