ఫ్రిజ్ చల్లబడట్లేదా? గ్యాస్ మీద నెపం వేసే ముందు...

అపోహ: కొని ఆరేళ్లయింది, గ్యాస్ అయిపోయి ఉంటుంది.

వాస్తవం: ఇది వంట గ్యాస్‌లా ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు అతకకుండా, గొట్టాల్లో తేమ పట్టే ఫిల్టర్ మార్చకుండా, వాక్యూమ్ పెట్టకుండా (అంటే లోపలి గాలి పంపుతో లాగేయకుండా) గ్యాస్ ఎక్కిస్తే కొన్నాళ్లకు కథ మళ్లీ మొదటికే. రేటు మాట్లాడే ముందు లీకెక్కడో చూపించమనండి.

అసలు ముందు కంప్రెసర్, అంటే గ్యాస్‌ని తిప్పే మోటారు, తిరుగుతోందో లేదో వినండి. తిరగకపోతే మొదట చూడాల్సింది కరెంటు వైపు. టిక్‌మని ఆగి, కాసేపటికి మళ్లీ టిక్‌మంటుంటే దాన్ని స్టార్ట్ చేసే రిలేనో, కాపాడే ఓవర్‌లోడో పోయి ఉండొచ్చు, లో వోల్టేజీ కావచ్చు, లేదా కంప్రెసరే పట్టేసి ఉండొచ్చు. ఆగకుండా తిరుగుతూ, ఫ్రీజర్‌లో ఒక మూలే మంచు కడుతుంటే అప్పుడు గ్యాస్‌ని అనుమానించాలి.

అపోహ: పైన ఐస్ బాగానే ఉంది, కింద పాలు విరిగిపోతున్నాయి. సగం గ్యాస్ పోయింది.

వాస్తవం: డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీలో ఎక్కువగా డీఫ్రాస్ట్, అంటే మంచును దానంతటదే కరిగించే ఏర్పాటు, పనిచేయకే ఇలా అవుతుంది. హీటరో సెన్సరో పోతే ఫ్రీజర్ పలక వెనకాల చల్లబరిచే గొట్టాల చుట్ట (కాయిల్) మంచుగడ్డ అయిపోతుంది. ఫ్యాన్ తోసే గాలి కిందికి దిగదు. సామాన్లు తీసేసి, ప్లగ్ పీకి, తలుపులు తెరిచి ఒక రోజు వదిలేయండి. తర్వాత కొన్నాళ్లు బాగా పనిచేసి మళ్లీ మొరాయిస్తే రోగం అదే. గ్యాస్‌కు డబ్బులివ్వకండి.

అపోహ: ఐస్ ఎంత మందంగా కడితే అంత కూలింగ్.

వాస్తవం: ఆ మందమే చల్లదనానికి అడ్డం. సింగిల్ డోర్‌లో అర సెంటీమీటరు దాటితే డీఫ్రాస్ట్ చేసేయాలి. కత్తితో మాత్రం పొడవకండి. ఫ్రీజర్ పలక పల్చటి అల్యూమినియం, చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. అన్నట్టు, కూలింగ్ తగ్గించి పెంచే నాబ్ మధ్యలో డీఫ్రాస్ట్ బటన్ ఉంటే ఎవరైనా నొక్కేశారేమో చూడండి. మంచు కరిగేదాకా కంప్రెసర్ రాదు.

అపోహ: ఫ్రిజ్ పక్కలు ముట్టుకుంటే కాలుతున్నాయి, లోపల ఏదో కాలిపోతోంది.

వాస్తవం: వేడి బయటికి వదిలే గొట్టాలు చాలా మోడళ్లలో అక్కడే ఉంటాయి. గోడకు కాస్త దూరం జరపండి.

అపోహ: ఏ గ్యాసైనా ఒకటే.

వాస్తవం: కొత్త ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండేది ఆర్600ఎ, అంటే ఐసోబ్యూటేన్. అంటుకునే గుణం ఉంది. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములో వెనక స్టిక్కర్ మీద రాసుంటుంది. ఆర్600ఎ ఫ్రిజ్‌కు ఆర్134ఎ అనే వేరే గ్యాస్ సిలిండర్ పట్టుకొచ్చినా, తూకం లేకుండా అంచనాగా ఎక్కిస్తానన్నా వద్దని పంపేయండి.